మూడో మనిషి బాకీ

బీమా అన్న మాటను చాలామంది ‘భీమా’ అని రాస్తారు. బ్యానర్ల మీద, కరపత్రాల మీద, ఒక్కోసారి కార్యాలయాల బోర్డుల మీద కూడా ఆ వత్తు కనిపిస్తుంది. భీముడికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పారశీకంలో ‘బీమ్’ అంటే భయం. ఉర్దూ మీదుగా మనదాకా వచ్చిన ఈ మాటకు పుట్టిల్లు ఆ భయమే. వత్తు పెట్టేవారితో తగవు పడటం ఈ టపా ఉద్దేశం కాదు. నా తగవు ఆ భయం గురించి. కొత్త బండి కొని రిజిస్ట్రేషన్ చేయించుకునే రోజున మనచేత కట్టించే బీమా ఎవరి భయాన్ని తీరుస్తోంది?

కారు కొన్నవారెవరినైనా అడిగి చూడండి. “అది లేకపోతే నంబరు రాదండీ” అంటారు. అంటే, నంబరు రాదేమోనన్న భయమన్నమాట. చట్టం ఆ నిబంధన పెట్టింది వేరే మనిషి కోసం, వేరే భయం కోసం. ఆ మనిషి ఎవరో మనకు తెలియదు. తెలుసుకోవాలన్న పట్టింపు మనకూ లేదు, మనచేత సంతకాలు పెట్టించుకునేవారికీ లేదు.

నా అనుభవంతోనే మొదలుపెడతాను.

రెండేళ్ళ క్రితం నేనొక చిన్న కారు కొన్నాను. షోరూములో కుర్రవాడు ఒక కాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు. బండి ధర, జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, కాళ్ళ కింద వేసుకునే పట్టాలు. ఇన్సూరెన్సు దగ్గర ఒకే అంకె ఉంది. అందులో ఏమేమి కలిశాయని అడిగాను. “అది కంపల్సరీ సార్. ఇన్సూరెన్సు లేకుండా రిజిస్ట్రేషన్ అవదు” అన్నాడు. బయట తెచ్చుకోవచ్చా అని అడిగాను. “తెచ్చుకోవచ్చు సార్, కానీ నంబరు లేటవుతుంది. రేపు ఏదన్నా క్లెయిమొస్తే మళ్ళీ మీకే ఇబ్బంది” అన్నాడు, నా మీద ఎంతో జాలి పడుతున్నట్టుగా.

అతడు చెప్పిన మొదటి వాక్యం నిజం. రెండోది ఆ నిజం నీడలో నిలబడ్డ అబద్ధం.

నిజం ఏమిటంటే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 47వ నియమం ప్రకారం రిజిస్ట్రేషన్ కోసం ఫారం 20లో దరఖాస్తు పెట్టాలి. దానితోపాటు అమ్మకపు ధృవపత్రం (ఫారం 21), బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనని తయారీదారు ఇచ్చే పత్రం (ఫారం 22), చెల్లుబాటులో ఉన్న బీమా పత్రం జతచేయాలి. అప్పటికింకా బండికి నంబరు ఉండదు. అందుకే తొలి పాలసీని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు మీద రాస్తారు. పేరు పెట్టకముందే బిడ్డకు జాతకం రాయించినట్టు. ఇంతవరకూ ఆక్షేపణ లేదు.

కానీ ఏ బీమా తప్పనిసరి? 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను కోరేది ఒక్కటే. బహిరంగ ప్రదేశంలో తిరిగే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. నా కారుకు సొట్ట పడితే, దొంగలు ఎత్తుకుపోతే, వరదలో మునిగితే ఇచ్చే బీమాను చట్టం కోరలేదు. అది నా సొమ్ము, నా ఇష్టం, నా ముందుచూపు. థర్డ్ పార్టీ బీమా ధరను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించి గెజెట్‌లో ప్రకటిస్తుంది. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ లోపు కొత్త కారుకు మూడేళ్ళకు కలిపి 6,521 రూపాయలు. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ దాకా 10,640. షోరూము కుర్రవాడు నాకిచ్చిన కాగితం మీది అంకె దీనికి ఎన్నో రెట్లు. ఆ తేడా అంతా ‘కంపల్సరీ’ అన్న ఒక్క మాట కింద దాక్కుని ఉంది. పాలసీ తమ దగ్గరే తీసుకోవాలని బండి అమ్మేవారు కొనుగోలుదారును బలవంతపెట్టరాదని బీమా నియంత్రణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు జారీచేసింది. షోరూము గోడ మీద తళుకుబెళుకుల ప్రకటనలకు చోటుంది గాని, ఆ ఒక్క వాక్యానికి చోటు లేకపోయింది.

మరి నేను పోట్లాడానా? లేదు. ఇంట్లో ముహూర్తం పెట్టారు. నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ, ఒక గుమ్మడికాయ సిద్ధంగా ఉన్నాయి. దశమి దాటిపోతుందన్న కంగారులో అడిగినంతా కట్టి సంతకం చేశాను. ఈ టపాలో నేను దెప్పబోయేవారిలో మొదటివాణ్ణి నేనేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

ఎక్కువ సొమ్ము పోయిందన్నది చిన్న బాధ. పెద్ద బాధ వేరే ఉంది. ఆ గంటసేపు సంభాషణలో అసలు చట్టం ఎవరి కోసం ఆ నిబంధన పెట్టిందో అతని నోట రాలేదు, నా నోటా రాలేదు. నా బంపరు గురించి మాట్లాడాం, నా అద్దాల గురించి మాట్లాడాం, ఇంజనులో నీళ్ళు దూరితే ఏమవుతుందో మాట్లాడాం. రోడ్డు దాటే మనిషి గురించి మాట్లాడలేదు.

థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. బీమా ఒప్పందంలో మొదటివాణ్ణి నేను, రెండోది కంపెనీ. మూడోవాడు ఆ బల్ల దగ్గర లేడు. అతనికి ఆ ఒప్పందం జరుగుతోందని కూడా తెలియదు. అతనికీ నాకూ పరిచయం ఎప్పుడైనా కలిగితే అది అతని జీవితంలో అతి చెడ్డరోజు అవుతుంది. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 32,825 మంది నడిచివెళ్ళేవారు. ఏ బండీ కొనకుండా, ఏ లైసెన్సూ తీసుకోకుండా, ఏ ఫారమూ నింపకుండా చనిపోయినవారు. థర్డ్ పార్టీ బీమా వీరికి మనం పడిన బాకీ. రోడ్డు మీదికి ఒక టన్ను ఇనుమును తీసుకువస్తున్నందుకు ముందుగా చెల్లించవలసిన బాకీ. దాన్ని మనం రిజిస్ట్రేషన్ ఖర్చు అనుకుంటున్నాం.

ఇక అసలు కథ చెప్పాలి.

మా అపార్టుమెంటులో ఒక కాపలాదారు ఉండేవాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి భార్యతో సహా బెజవాడ వచ్చి పన్నెండేళ్ళు. 2023 వేసవిలో ఒక తెల్లవారుజామున పాల ప్యాకెట్లు తేవడానికి రోడ్డు దాటుతూండగా మోటారు సైకిలు గుద్దింది. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. గుద్దిన కుర్రవాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. ఇళ్ళకు సరుకులు చేర్చే పని. అతడు పారిపోలేదు. తానే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకువచ్చాడు, తానే పోలీసులకు ఫోను చేశాడు, సాయంత్రందాకా బెంచీ మీద తలవంచుకుని కూర్చున్నాడు. నేను చూసిన మంచి మనుషుల జాబితా రాస్తే ఆ కుర్రవాడికి అందులో చోటివ్వాలి.

బండి కాగితాలు అడిగారు. ఆర్.సి. ఉంది. రిజిస్ట్రేషన్ 2029 దాకా చెల్లుతుంది. అయితే అది వేరే జిల్లాలో ఎవరో పెద్దాయన పేరు మీద ఉంది. ఆయన ఒక మెకానిక్కుకు అమ్మాడు, ఆ మెకానిక్కు ఇంకొకరికి అమ్మాడు, వారి దగ్గర ఈ కుర్రవాడు పద్దెనిమిది వేలకు కొన్నాడు. అందరూ నోటిమాటతో, సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో. బీమా నాలుగేళ్ళ క్రితం ముగిసింది. 75 సీసీ దాటి 150 సీసీ లోపున్న బండికి 2022 పట్టిక ప్రకారం ఏడాదికి 714 రూపాయలు. రోజుకు రెండు రూపాయలకన్నా తక్కువ.

ఆపరేషను ప్రభుత్వ ఆరోగ్య పథకంలో జరిగిపోయింది. తరవాత పరిహారం సంగతి కనుక్కుందామని తెలిసిన వకీలు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన కాగితాలన్నీ చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి అన్న మాట నేను మరిచిపోలేను. “మాస్టారూ, ఆ కుర్రాడు ఆగకుండా వెళ్ళిపోయి ఉంటే ఇతనికి ఏదో కొంత వచ్చేది.”

మొదట అది వెటకారం అనుకున్నాను. కాదు, చట్టమే అలా ఉంది. మూడు సందర్భాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ బండికి బీమా ఉండి ఉంటే: 2019 సవరణతో వచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన 164వ సెక్షను కింద, తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర లేకుండానే, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు. అంతకుమించి నష్టం జరిగిందనుకుంటే ట్రిబ్యునల్లో వాదించుకుని ఎక్కువ కూడా పొందవచ్చు. మరణానికీ గాయాలకూ మూడో మనిషికి కంపెనీ చెల్లించవలసిన పరిహారానికి పైహద్దు లేదు.

ఆ కుర్రవాడు పారిపోయి, బండి ఎవరిదో తెలియకపోయి ఉంటే: 161వ సెక్షను కింద నిధి నుంచి తీవ్రగాయానికి 50,000, మరణానికి రెండు లక్షలు. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 12,500, 25,000 మాత్రమే.

బండి ఎవరిదో తెలిసి, దానికి బీమా లేకపోతే: నిధి నుంచి ఆ స్థిర పరిహారం లేదు. యజమాని మీదా, నడిపినవాడి మీదా దావా వేసుకోవాలి. ట్రిబ్యునలు తీర్పు ఇస్తుంది. ఆ తీర్పును పట్టుకుని పద్దెనిమిది వేల బండి కొన్నవాడి ఆస్తులు వెతుక్కోవాలి.

అంటే, నిజాయితీగా ఆగి ఆసుపత్రికి తెచ్చిన కుర్రవాడి వల్ల మా కాపలాదారుకు యాభై వేలు పోయాయి. పారిపోయినవాడి చేతిలో దెబ్బతిన్నవాడే నయం అనిపించే ఏర్పాటును ఏమనాలి? బీమా లేని బండి ప్రమాదం చేస్తే దాన్ని వేలం వేసి ఆ సొమ్మును బాధితుడికి చేర్చేలా నియమాలు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2018లో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మంచిమాటే. పద్దెనిమిది వేల బండిని వేలం వేస్తే ఎంతొస్తుంది?

ఆ వకీలు ఇంకో దారి కూడా చూపించాడు. ఆర్.సి. ఎవరి పేరున ఉందో ఆ పెద్దాయన మీద వేయవచ్చు. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ మారనంతవరకు పరిహారానికి బాధ్యుడు రికార్డులో ఉన్న యజమానే అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది. ఎప్పుడో బండి అమ్మేసి, దాన్ని మరిచిపోయి, మనవలతో ఆడుకుంటున్న మనిషికి ఒక రోజు పొద్దున కోర్టు నోటీసు వస్తుందన్నమాట.

కాపలాదారు ఒప్పుకోలేదు. “వద్దు బాబూ. ఆ కుర్రోడు మంచోడు. ఆ ముసిలాయన మొకం నేనెరగను. నా కాలు కోసం ఇద్దరి ఉసురెందుకు” అన్నాడు. ఆరు నెలలు చూశాం. మెట్లు ఎక్కలేకపోయాడు. మా సంఘంవారు కొంత పోగుచేసి ఇచ్చారు. సామాను సర్దుకుని భార్యాభర్తలు ఊరు వెళ్ళిపోయారు.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది? కుర్రవాడిదా? ఆ 714 రూపాయలు కట్టకపోవడం తప్పే. కానీ ఆ బండి నాలుగేళ్ళపాటు బీమా లేకుండా తిరుగుతూంటే దానికి రిజిస్ట్రేషన్ ఇచ్చిన ప్రభుత్వం ఏం చేస్తోంది? నా వాదమంతా ఇక్కడే ఉంది.

సొంత బండి రిజిస్ట్రేషన్ చెల్లుబాటు పదిహేనేళ్ళు. అది 41వ సెక్షను మాట. ఆ రిజిస్ట్రేషన్‌కు పునాదిగా చూపించిన బీమా చెల్లుబాటు ఒకప్పుడు ఒక్క ఏడాది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళు. పునాది మూడేళ్ళకు కరిగిపోతుంది, మేడ మాత్రం పదిహేనేళ్ళు నిలబడి ఉంటుంది. రిజిస్ట్రేషన్ కార్యాలయం బీమా పత్రాన్ని బండి పుట్టినరోజున ఒకసారి చూసి ఫైలులో పెడుతుంది. తరవాత ఎవరైనా అమ్మకం కాగితాలతో వస్తే మళ్ళీ చూస్తుంది. మా కుర్రవాడి బండిలా మూడు చేతులు నోటిమాటతో మారితే ఆ కార్యాలయానికి దాని మొహం చూసే అవసరమే రాదు.

దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సొంత కారు కొన్నప్పుడు కట్టేదాన్ని జీవితకాల పన్ను అంటారు. పేరులోనే ఉంది. బండి బతికినన్నాళ్ళకూ సరిపడా పన్నును ప్రభుత్వం మొదటిరోజే, నంబరు ఇవ్వకముందే, ఒకే దఫాలో వసూలు చేసుకుంటుంది. తన బాకీ విషయంలో సర్కారుకు కొనేవాడి మీద నమ్మకం లేదు. ఏటేటా వచ్చి కడతాడులే అని వదిలెయ్యలేదు. దారినపోయే మూడో మనిషి బాకీ విషయంలో మాత్రం ఎంతో నమ్మకం! మూడేళ్ళో ఐదేళ్ళో గడిచాక ఇతడే గుర్తుపెట్టుకుని, బుద్ధిగా, ఏటా కడతాడట. తన వాటాకు తాళం వేసుకుని, ఎదటివాడి వాటాను గుమ్మంలో పెట్టి వెళ్ళినవాణ్ణి లోకం ఏమంటుందో వేరే చెప్పాలా?

ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో అందరికీ తెలిసిన రహస్యమే. మన రోడ్ల మీది వాహనాలలో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘమే 2024లో ఎత్తిచూపింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని సగంమంది పాటించకపోతే అది సగంమంది దుర్మార్గం కాదు. ఆ చట్టాన్ని కట్టిన తీరులోనే లోపం ఉంది.

సుప్రీంకోర్టు ఈ లోపాన్ని గమనించకపోలేదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నాయకత్వాన ఏర్పడిన రోడ్డు భద్రతా సంఘం సూచన మీద, 2018 జూలై 20న ఇచ్చిన ఆదేశంవల్లనే ఈ మూడేళ్ళు, ఐదేళ్ళు వచ్చాయి. విరిగిన ఎముకలు అతికించి అతికించి విసిగిన వైద్యుడు కోర్టు తలుపు తట్టాడన్నది గమనించదగ్గ సంగతి. ఆ ఆదేశం మేలే చేసింది. కానీ అది చీకటిని మూడేళ్ళు, ఐదేళ్ళు వెనక్కి నెట్టింది, అంతే. బండి కొత్తగా ఉండి, కొన్నవాడి చేతిలోనే ఉండి, అతనికి కాస్తో కూస్తో స్తోమత ఉన్న రోజుల్లో బీమా ఉంటుంది. బండి పాతబడి, బ్రేకులు అరిగి, మూడో చేతికి నాలుగో చేతికి మారి, కట్టలేనివాడి దగ్గరికి చేరేవేళకు బీమా ఉండదు. ప్రమాదం పెరిగేకొద్దీ రక్షణ తరుగుతుంది.

ముడి వేయవలసినచోట వేయకపోవడం ఒకటైతే, వేయరానిచోట వేయడం ఇంకొకటి. 2017 ఆగస్టులో అదే న్యాయస్థానం కాలుష్య పత్రం లేనిదే బీమా పునరుద్ధరించరాదని చెప్పింది. గాలి బాగుపడాలన్న సదుద్దేశమే. ఫలితం? పొగ పరీక్ష చేయించుకోనివాడికి బీమా కట్టకుండా ఉండటానికి ఇంకో సాకు దొరికింది. బండి పొగ వదిలితే దెబ్బతిన్నవాడికి పరిహారం రాకూడదా? పుండొకచోట, మందొకచోట. ఏడేళ్ళ తరవాత, 2024 జూలైలో, న్యాయస్థానం ఆ షరతును తీసివేసింది. దానివల్ల ఎన్నో బండ్లు బీమా లేకుండా మిగులుతున్నాయన్నదే అప్పుడు చెప్పిన కారణం.

జరిమానా లేదా అంటే ఉంది. 196వ సెక్షను ప్రకారం బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 4,000. మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. కానీ అది దొరికినప్పటి మాట. ఆ సొమ్ము వెళ్ళేది ఖజానాకు. దొరికి, జరిమానా కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, అదే బండి మీద అదే బీమా లేకుండా ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ మలుపు దగ్గరే ఎవరినైనా గుద్దితే, రసీదు చూపించి పరిహారం అడగలేం కదా.

ఇది లోకంలో ఎక్కడా తీరని చిక్కేమీ కాదు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, గాయపడినవారికి పరిహారమిచ్చే రవాణా ప్రమాద కమిషన్‌కు చేరవలసిన సొమ్ము రిజిస్ట్రేషన్ రుసుములోనే కలిసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నప్పుడల్లా అదీ కట్టినట్టే. సిడ్నీవైపు ‘గ్రీన్ స్లిప్’ అనే బీమా లేనిదే రిజిస్ట్రేషన్ పొడిగించరు. అక్కడ కార్లు నడుపుతున్న మనవాళ్ళు వేలమంది ఉన్నారు, వారికిది మామూలు విషయం. జర్మనీలో బీమా ముగిస్తే కంపెనీయే రిజిస్ట్రేషన్ కార్యాలయానికి తెలియజేస్తుంది. యజమాని స్పందించకపోతే నంబరు పలకలమీది అధికార ముద్రను తొలగిస్తారు. బ్రిటన్‌లో 2011 నుంచి బీమా లేని బండిని నడపడమే కాదు, రిజిస్ట్రేషన్‌తో ఉంచుకోవడం కూడా నేరమే. రోడ్డెక్కించనని ముందుగా ప్రకటిస్తే మాత్రం మినహాయింపు ఉంటుంది. అంతేగాక, బీమా లేని బండి గుద్దినా బాధితుడికి పరిహారం చెల్లించే ఉమ్మడి సంస్థ ఒకటి ఆ దేశంలో 1946 నుంచీ ఉంది. అమెరికాలో మాత్రం రాష్ట్రానికో తీరు. వర్జీనియాలో 500 డాలర్లు రుసుము కట్టి బీమా లేకుండా తిరిగే వెసులుబాటు ఉండేది, 2024 జూలై 1న దాన్ని ఎత్తేశారు.

మన దగ్గర వివరాలు లేవా అంటే అవీ ఉన్నాయి. ‘వాహన్’ అనే జాతీయ పట్టికలో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా, బీమా ఎప్పటిదాకా అన్నది పక్కపక్కనే కనిపిస్తుంది. రెండు తేదీలూ ఒకే తెర మీద ఉన్నాయి. వాటి మధ్య ముడి మాత్రం లేదు.

కాబట్టి నేను కోరేవి రెండు. ఒకటి, బీమా గడువు తీరి, ఒక నోటీసు ఇచ్చి, నెలరోజులు చూశాక ఆ బండి రిజిస్ట్రేషన్ తాత్కాలికంగా నిలిచిపోవాలి. బీమా కట్టిన క్షణంలో తిరిగి ప్రాణం పోసుకోవాలి. రెండు, బండి తెలిసి బీమా లేని సందర్భంలో కూడా బాధితుడికి ముందు నిధి నుంచి పరిహారం చెల్లించాలి. తరవాత యజమాని దగ్గర వసూలు చేసుకునే తిప్పలు బాధితుడు కాక ప్రభుత్వం పడాలి. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స అందించే పథకం వచ్చింది. సంతోషం. కానీ విరిగిన తొడ ఏడు రోజుల్లో అతకదు. ఉద్యోగం పోయినవాడి ఇంటి అద్దె ఏ ఆసుపత్రీ కట్టదు.

దీనికి ఎదురుచెప్పేవారు ఏమంటారో నాకు తెలుసు. పేదవాడి మీద భారమంటారు. ఆ మాట అనేవారిని నేను గౌరవిస్తాను. కానీ బీమా లేని బండి గుద్దేది ఎవరిని? కారులో కూర్చున్నవాడికి కారే కవచం, పైగా వేరే పాలసీలున్నాయి. నడిచేవాడికి, సైకిలు తొక్కేవాడికి ఏదీ లేదు. ఒక పేదవాడికి 714 రూపాయలు మిగిల్చి ఇంకో పేదవాడి కాలు పణంగా పెట్టడం దయ అనిపించుకోదు. ఆ సొమ్ము నిజంగా కట్టలేనివారుంటే ప్రభుత్వం వారికి అందులో సగం భరించనీ, జీవితకాల పన్ను వసూలు చేసుకున్నది కదా.

కంపెనీల బొక్కసాలు నింపడమే ఇదంతా అంటారు మరికొందరు. థర్డ్ పార్టీ ధర కంపెనీ ఇష్టం కాదు, గెజెట్‌లో అచ్చయ్యే అంకె. కంపెనీలు లాభాలు వెతుక్కునేది నేను షోరూములో సంతకం పెట్టిన ఆ మిగతా చిట్టాలో. అక్కడ నిలదీయండి, నేనూ గొంతు కలుపుతాను. ఇక పెరట్లో మూలపడ్డ బండి మాటేమిటంటే, రోడ్డెక్కించనని యజమాని ఒక ప్రకటన ఇస్తే చాలు. పోలీసులకు ఇంకో ఆయుధం ఇచ్చినట్టే అనేవారికి నా జవాబు, ఇది రోడ్డు మీద చెయ్యెత్తి ఆపే పని కాదు, కంప్యూటరులో రెండు తేదీలు సరిచూసే పని. చెయ్యెత్తే అవసరం ఎంత తగ్గితే చేతులు తడిపే అవసరం అంత తగ్గుతుంది.

చివరిగా ఒక మాట ఒప్పుకోవాలి. వకీలు దగ్గర్నుంచి తిరిగివచ్చిన రాత్రి నిద్రపట్టక, 2014లో అమ్మేసిన నా పాత స్కూటరు నంబరు గుర్తు తెచ్చుకుని వాహన్‌లో వెతికాను. 2009లో కొన్న బండి. రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులోనే ఉంది. బీమా గడువు ఎప్పుడో తీరిపోయింది. యజమాని పేరు దగ్గర కొన్ని అక్షరాలు, కొన్ని చుక్కలు. ఆ చుక్కల్లో నా పేరు నేను పోల్చుకున్నాను. అమ్మినవాడు అదే రాష్ట్రంలోనైతే పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలని చట్టం ఉంది. నేను తొమ్మిదేళ్ళు తెలియజేయలేదు. కోర్టు నోటీసు రాబోయే ఆ పెద్దాయన ఎక్కడో వేరే జిల్లాలో ఉన్నాడని అప్పటిదాకా అనుకున్నాను.

ఆ స్కూటరు ఇవాళ ఎవరి చేతిలో ఉందో, ఏ తెల్లవారుజామున ఏ వీధి మలుపు తిరుగుతోందో నాకు తెలియదు. పాల ప్యాకెట్లకు బయలుదేరిన ఏ మూడో మనిషికి నేను బాకీ పడి ఉన్నానో అంతకన్నా తెలియదు.

తా.క.: ఈ టపా చదివినవారు ఇంట్లో ఉన్న బండ్లవి, అమ్మేసిన బండ్లవి నంబర్లన్నీ ఒకసారి సరిచూసుకోండి. ఐదు నిమిషాల పని. నా స్కూటరు కొన్న మెకానిక్కు దుకాణం ఎత్తేశాడు. అతణ్ణి వెతికి పట్టుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.